ఫోటో ఎడిటర్ హ్యాంగ్ అవుతోందా? ఫోటో ఖాళీగా కనిపిస్తోందా? వరసగా ఇవి చూడండి

"ఫోటో తెరిస్తే తెల్లటి పెట్టె తప్ప ఏమీ లేదు." "బ్రష్ పట్టుకోగానే బిగుసుకుపోతోంది." "నిన్నటిదాకా బాగానే ఉంది, అప్‌డేట్ అయ్యాక అన్నీ నల్లగా వస్తున్నాయి." ఫోటో ఎడిటింగ్ గురించి పదేపదే వచ్చే ప్రశ్నలు ఇవే. అడిగే సమయానికి చాలామంది ఒక పని చేసేసి ఉంటారు: సాఫ్ట్‌వేర్ పూర్తిగా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. దానివల్ల గంట పోతుంది తప్ప సమస్య సాధారణంగా పోదు. ప్రోగ్రామ్ తీసేసినా దాని సెట్టింగ్స్ ఫైళ్లు, కాష్ (తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు), గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఎక్కడివక్కడే ఉంటాయి. తప్పు ఎక్కువగా ఉండేదీ వాటిలోనే.

కాబట్టి రీఇన్‌స్టాల్ సంగతి చివర్లో చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది, తప్పు ఎవరిది అని: ఫోటో ఫైలుదా, ప్రోగ్రామ్‌దా, బొమ్మను తెర మీద గీసే గ్రాఫిక్స్ కార్డుదా? కింది మెట్లు ఆ వరసలోనే ఉన్నాయి. ఉదాహరణలు ఎక్కువగా ఫోటోషాప్, లైట్‌రూమ్ క్లాసిక్ నుంచి ఇచ్చాను. గింప్, డార్క్‌టేబుల్ వాడేవాళ్లకూ దారి ఇదే, మెనూ పేర్లే మారతాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఖాళీగా కనిపిస్తున్న ఫోటో ఒకటి, దాని కాపీ ఇంకోచోట. ప్రయోగాలన్నీ కాపీ మీదే.
- వేరే కెమెరాతోనో ఫోన్‌తోనో తీసిన మామూలు జేపెగ్ ఫోటో ఒకటి, పోల్చి చూడటానికి.
- ఫోటోలు చూపించే ఇంకో ప్రోగ్రామ్. బ్రౌజర్ ఉన్నా చాలు.
- లైట్‌రూమ్ అయితే కేటలాగ్ (మీ ఫోటోల జాబితా, చేసిన ఎడిటింగ్ ఉండే ఫైలు) ఫోల్డర్ బ్యాకప్. ఇది లేకుండా ఏడో మెట్టుకు వెళ్లొద్దు.
- ఒక కాగితం. ఏం మార్చారో రాసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు ఒకేసారి మార్చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. వచ్చే నెల అదే సమస్య వస్తే మళ్లీ మొదటికే.

1. ఇప్పుడు హ్యాంగ్ అయి ఉంటే తొందరపడి మూసేయకండి

విండోస్‌లో పైన "నాట్ రెస్పాండింగ్" అని కనిపించగానే ప్రోగ్రామ్ చచ్చిపోయిందనుకుంటారు. ఆ విండో 5 సెకన్లపాటు జవాబివ్వకపోతే చాలు, విండోస్ ఆ మాట పెట్టేస్తుంది. పెద్ద పనోరమా కలిపేటప్పుడు, బరువైన ఫిల్టర్ నడిచేటప్పుడు అది మామూలే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మీ ఎడిటర్ వరసలో సీపీయూ, డిస్క్ అంకెలు చూడండి. అవి కదులుతుంటే పని జరుగుతోందన్నమాట, వదిలేయండి. ఐదు పది నిమిషాలైనా రెండూ సున్నా దగ్గరే ఉంటే "ఎండ్ టాస్క్" కొట్టడం తప్ప దారి లేదు. మ్యాక్‌లో ఇదే పని యాక్టివిటీ మానిటర్‌లో చేయొచ్చు.

ఆ పని చేసేముందు ఇంకొక్కటి ప్రయత్నించండి. ప్రోగ్రామ్ నడుస్తున్నా తెర నల్లబడిపోయి ఉంటే, విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే రీస్టార్ట్ అవుతుంది. తెర ఒక్క క్షణం మిణుకుమంటుంది, తెరిచి ఉన్న ఫైళ్లకు ఏమీ కాదు. దీంతో బొమ్మ తిరిగొస్తే వెంటనే సేవ్ చేసుకుని, నేరుగా 4, 5 మెట్లకు వెళ్లండి. అనుమానం డ్రైవర్ మీదికే పోతుంది.

ఫోటోషాప్ వాళ్లు ప్రిఫరెన్సెస్‌లో "ఫైల్ హ్యాండ్లింగ్" కింద రికవరీ సమాచారం ఎన్ని నిమిషాలకోసారి సేవ్ అవుతోందో చూసుకోండి. మామూలుగా 10 నిమిషాలు ఉంటుంది. సమస్య తీరేదాకా 5 చేసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

2. నిజంగా ఖాళీయేనా?

నవ్వకండి, "ఫోటో మాయమైంది" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

- కంట్రోల్, సున్నా నొక్కండి. జూమ్ చేసి పక్కకు జరిపి ఖాళీ మూలలో ఉండిపోయుంటే బొమ్మ మళ్లీ తెరకు సరిపడా వచ్చి నిలబడుతుంది.
- లేయర్స్ (ఒకదాని మీద ఒకటి పేర్చిన బొమ్మ పొరలు) ప్యానెల్‌లో కన్ను గుర్తు ఉందా? ఆల్ట్ పట్టుకుని కన్ను మీద క్లిక్ చేస్తే మిగతా లేయర్లన్నీ దాక్కుంటాయి. పొరపాటున చాలా సులువుగా జరిగే పని ఇది.
- ఒపాసిటీ (లేయర్ ఎంత గట్టిగా కనిపించాలన్నది) సున్నాకు పడిపోయిందా? లేయర్ మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచేది) మొత్తం నల్లగా ఉందా?
- ప్యానెల్స్ అన్నీ పోయి ఉత్త తెర మిగిలితే ట్యాబ్ కీ ఒకసారి నొక్కండి.

గళ్లు గళ్లుగా, బూడిద తెలుపు చదరాలు కనిపిస్తుంటే అక్కడ పారదర్శకం అని అర్థం. లేయర్ దాగిందో చెరిగిందో అంతే, ప్రోగ్రామ్ తప్పేమీ లేదు. అదే ఉత్త తెలుపో నలుపో కనిపిస్తూ, లేయర్స్ ప్యానెల్‌లోని చిన్న బొమ్మ మాత్రం చక్కగా ఉంటే అప్పుడు తెర మీద గీసేచోటే తేడా ఉంది.

3. ఫైలు బాగుందో లేదో తేల్చండి

ఆ ఫోటోను వేరే ప్రోగ్రామ్‌లో తెరవండి. అక్కడా రాకపోతే ఎడిటర్‌ను అనవసరంగా తిట్టుకుంటున్నారు. ఫైల్ సైజు చూడండి. సున్నా కేబీ ఉంటే కాపీ జరగనే లేదు. పైసగం బొమ్మ, కిందిసగం బూడిద రంగు ఉంటే కాపీ మధ్యలో ఆగింది, లేదా కార్డులోనే తేడా వచ్చింది. మెమరీ కార్డు నుంచి ఇంకో రీడర్‌తో మళ్లీ కాపీ చేసి చూడండి. జాగ్రత్త: ఈ సంగతి తేలేదాకా ఆ కార్డులో కొత్త ఫోటోలు తీయొద్దు, ఫార్మాట్ అసలే వద్దు.

జేపెగ్ తెరుచుకుని రా ఫైల్ (కెమెరా పట్టిన సమాచారం మార్చకుండా దాచినది) మాత్రం తెరుచుకోకపోతే, మీ కెమెరా మోడల్ మీ ఎడిటర్ వెర్షన్ కన్నా కొత్తదేమో చూడండి. ప్రతి కొత్త కెమెరా రా ఫైళ్లను ఎడిటర్ విడిగా నేర్చుకోవాలి. అప్‌డేట్ చేయడం కుదరకపోతే అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో డీఎన్‌జీ అనే రా ఫార్మాట్‌లోకి మార్చుకుని తెరవొచ్చు. ఐఫోన్ ఫోటోలు విండోస్‌లో తెరుచుకోకపోతే అది తరచుగా హెయిక్ ఫార్మాట్ గొడవ, దానికి విడిగా ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాలి.

ఇంకో చోటు ఎవరికీ తట్టదు. ఫోటోలు వన్‌డ్రైవ్ లాంటి క్లౌడ్ ఫోల్డర్‌లో ఉంటే, మీకు కనిపించేది పేరు మాత్రమే కావచ్చు. అసలు ఫైలు ఇంటర్నెట్ అవతల ఉంటుంది. ఎడిటర్ దాన్ని తెరవబోతే డౌన్‌లోడ్ అయ్యేదాకా కదలదు, చూసేవాళ్లకు హ్యాంగ్ అయినట్టే ఉంటుంది. ఫైలు పక్కన మేఘం గుర్తు ఉంటే రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" పెట్టండి, పూర్తిగా దిగాక తెరవండి.

4. గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్ తీసి చూడండి

సమయం తక్కువుంటే ఈ ఒక్క మెట్టు చేయండి. నా లెక్కలో ఖాళీ తెర సమస్యకు మొదటి అనుమానితుడు ఎప్పుడూ ఇదే.

ఇప్పటి ఎడిటర్లు బొమ్మ గీసే పనిని, కొన్ని లెక్కల పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తాయి. డ్రైవర్‌కు ఎడిటర్‌కు పొసగకపోతే కాన్వాస్ తెల్లగానో నల్లగానో ఉండిపోతుంది, లేదా జూమ్ చేసిన ప్రతిసారీ బిగుసుకుపోతుంది.

- ఫోటోషాప్: ఎడిట్ మెనూ, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్. "యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్" టిక్ తీసేయండి.
- లైట్‌రూమ్ క్లాసిక్: ఎడిట్ మెనూ, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్ ట్యాబ్. అదే ఆప్షన్‌ను "ఆఫ్" చేయండి.
- డార్క్‌టేబుల్, గింప్: ప్రిఫరెన్సెస్‌లో ఓపెన్‌సీఎల్ (గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే పద్ధతి) అని ఉంటే టిక్ తీయండి.

తర్వాత ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. టిక్ తీసి, అప్పటికే తెరిచి ఉన్న ఫోటోను చూసి "ఏం మారలేదు" అనేస్తారు. ముందే తెరిచిన ఫోటోకు ఈ మార్పు వర్తించకపోవచ్చు. మూసి, తెరిచి, అదే ఫోటోను మళ్లీ తెరిచి చూడండి.

ఫోటో కనిపించిందా? దొంగ దొరికినట్టే. కానీ టిక్ తీసేసి అలాగే వదిలేయడం మంచిది కాదు. కొన్ని ఫిల్టర్లు పనిచేయవు, కొన్ని నత్తనడక నడుస్తాయి. డ్రైవర్ బాగుచేసుకున్నాక మళ్లీ టిక్ పెట్టుకోండి.

ప్రోగ్రామ్ మెనూ కూడా తెరుచుకోనంతగా బిగుసుకుపోతుంటే ఈ టిక్ దగ్గరికి వెళ్లలేరు. అప్పుడు ముందు 9వ మెట్టు చేసి రండి.

చిన్న పరీక్ష ఒకటి: తెర మీద ఏమీ కనిపించకపోయినా ఫోటోను జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి బ్రౌజర్‌లో తెరవండి. అక్కడ బొమ్మ చక్కగా వస్తే మీ పని భద్రంగా ఉంది, కంగారు పడక్కర్లేదు. తేడా తెర వైపే. ఎక్స్‌పోర్ట్ చేసిందీ నల్లగా వస్తే మళ్లీ 2, 3 మెట్లకు వెళ్లండి.

5. డ్రైవర్

గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్‌లలో మీ కార్డు ఎవరిదో వాళ్ల సైట్ నుంచే తెచ్చుకోండి. విండోస్ అప్‌డేట్ "లేటెస్ట్" అన్నది ఎప్పుడూ లేటెస్ట్ కాదు. ఎన్‌విడియాలో రెండు రకాలుంటాయి: ఆటలకు గేమ్ రెడీ, ఎడిటింగ్ లాంటి పనులకు స్టూడియో. మీకు కావాల్సింది స్టూడియో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "క్లీన్ ఇన్‌స్టాలేషన్" ఎంచుకోండి, పాత సెట్టింగ్స్ అంటుకుని ఉండవు.

డ్రైవర్ అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే వెనక్కి వెళ్లండి. డివైస్ మేనేజర్, డిస్‌ప్లే అడాప్టర్స్, మీ కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, "రోల్ బ్యాక్ డ్రైవర్". ఆ బటన్ మసకగా ఉంటే పాత డ్రైవర్ సిస్టమ్‌లో లేదు, సైట్ నుంచి పాత వెర్షన్ దించుకోవాలి.

ల్యాప్‌టాప్‌లో తరచుగా రెండు గ్రాఫిక్స్ ఉంటాయి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ దగ్గరికి వెళ్లి మీ ఎడిటర్‌కు "హై పెర్ఫార్మెన్స్" కేటాయించండి. మ్యాక్‌లో డ్రైవర్లు సిస్టమ్ అప్‌డేట్‌తోపాటే వస్తాయి, మీరు చేయగలిగింది అదొక్కటే.

6. మానిటర్ కలర్ ప్రొఫైల్

దీన్ని చాలామంది దాటేస్తారు. తెర మీద రంగులు ఎలా చూపాలో చెప్పే కలర్ ప్రొఫైల్ ఫైలు పాడైతే, రంగుల లెక్క చూసుకునే ప్రోగ్రామ్‌లలో ఫోటో నల్లగానో విచిత్రమైన రంగుల్లోనో వస్తుంది. ఆ లెక్క పట్టించుకోని ప్రోగ్రామ్‌లలో అదే ఫోటో మామూలుగా ఉంటుంది. మీకు ఇలాంటి తేడా కనిపిస్తే వెంటనే ఇక్కడ చూడండి.

విండోస్ సెర్చ్‌లో "కలర్ మేనేజ్‌మెంట్" కొట్టి తెరవండి. డివైసెస్ ట్యాబ్‌లో మీ మానిటర్‌ను ఎంచుకుని, "యూజ్ మై సెట్టింగ్స్ ఫర్ దిస్ డివైస్" టిక్ పెట్టండి. "యాడ్" నొక్కి ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక ప్రొఫైల్‌ను చేర్చి, దాన్నే డిఫాల్ట్ చేయండి. ఎడిటర్ మూసి తెరవండి. మ్యాక్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే కలర్ ప్రొఫైల్ మార్చుకోవచ్చు. పాత ప్రొఫైల్ తీసేయకండి. కారణం అదే అని తేలితే, మీ దగ్గర కాలిబ్రేషన్ పరికరం (తెర రంగులను కొలిచేది) ఉన్నట్లయితే దానితో కొత్త ప్రొఫైల్ చేసుకోండి.

7. లైట్‌రూమ్ క్లాసిక్ వాళ్లకు మాత్రమే

లైట్‌రూమ్‌లో ఫోటో ఎక్కడ ఖాళీగా ఉందన్నదే అసలు ఆధారం. లైబ్రరీలో (ఫోటోలన్నీ వరసగా చూపే చోట) మీరు చూసేది ముందే తయారుచేసి దాచిన ప్రివ్యూ. డెవలప్‌లో (ఎడిటింగ్ చేసే చోట) అసలు ఫైలును చదివి అప్పటికప్పుడు గీస్తుంది. అంటే:

*లైబ్రరీలో బాగుంది, డెవలప్‌లో ఖాళీ.* గ్రాఫిక్స్ లేదా కలర్ ప్రొఫైల్. 4, 5, 6 మెట్లు.

*లైబ్రరీలో బూడిద పెట్టెలు, డెవలప్‌లో బాగుంది.* ప్రివ్యూలు పాడయ్యాయి. లైట్‌రూమ్ మూసి, కేటలాగ్ ఉన్న ఫోల్డర్‌కు వెళ్లండి. కేటలాగ్ పేరు తర్వాత "ప్రివ్యూస్" అని ఉండి చివర "ఎల్‌ఆర్‌డేటా" ఉన్న దాన్ని తీసేయకుండా పక్క ఫోల్డర్‌లోకి జరపండి. మళ్లీ తెరిస్తే ప్రివ్యూలు కొత్తగా తయారవుతాయి. వేల ఫోటోలుంటే చాలాసేపు పడుతుంది, కంప్యూటర్‌ను రాత్రికి వదిలేయండి. "స్మార్ట్ ప్రివ్యూస్" అని ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అసలు ఫోటోలు ఊడదీసిన హార్డ్ డిస్క్‌లో ఉన్నప్పుడు మీరు ఎడిట్ చేయగలిగేది వాటితోనే.

*ఆశ్చర్యార్థకం గుర్తు కనిపిస్తోంది.* ఫోటో ఎక్కడుందో లైట్‌రూమ్‌కు తెలియట్లేదు. ఫోల్డర్ జరిపి ఉంటారు, లేదా ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టలేదు. గుర్తు మీద క్లిక్ చేసి "లొకేట్" తో చూపించండి. ఫోటోను కేటలాగ్ నుంచి తీసేసి మళ్లీ ఇంపోర్ట్ చేయకండి, చేసిన ఎడిటింగ్ పోతుంది.

బలవంతంగా మూసిన తర్వాత కేటలాగ్ వాడుకలో ఉందంటూ తెరుచుకోకపోతే, లైట్‌రూమ్ నిజంగా మూసి ఉందని టాస్క్ మేనేజర్‌లో నిర్ధారించుకుని, అదే ఫోల్డర్‌లో "లాక్" తో ముగిసే ఫైలును తీసేయండి. ఆ పక్కనే "వాల్" అని ముగిసే ఫైలు కనిపిస్తే దాని జోలికి వెళ్లొద్దు. కేటలాగ్‌లోకి ఇంకా చేరని మార్పులు అందులో ఉండొచ్చు. చెత్త ఫైలనుకుని దాన్ని ఊడ్చేస్తే ఇటీవలి పని పోయే ప్రమాదం ఉంది.

కేటలాగే పాడైందేమో అన్న అనుమానం ఉంటే, కొత్త ఖాళీ కేటలాగ్ చేసి అందులోకి పది ఫోటోలు తెచ్చి చూడండి. అక్కడ బాగా నడిస్తే పాత కేటలాగ్‌లోనే తేడా. ఫైల్ మెనూలో "ఆప్టిమైజ్ కేటలాగ్" నడపండి, దానికీ లొంగకపోతే బ్యాకప్ తెరవండి.

8. మెమరీ, డిస్క్‌లో చోటు

24 మెగాపిక్సెల్ ఫోటో అంటే 2.4 కోట్ల పిక్సెల్స్. డిస్క్ మీద జేపెగ్ 10 ఎంబీ ఉన్నా, తెరిచాక 8 బిట్‌లో దాదాపు 72 ఎంబీ, 16 బిట్‌లో 144 ఎంబీ. అది ఒక్క లేయర్. పది నిండు లేయర్లు వేసి హిస్టరీ (అన్‌డూ కోసం దాచే పాత స్థితులు) కూడా కలుపుకుంటే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ డిస్క్‌ను వాడుకుంటుంది. దాన్నే స్క్రాచ్ డిస్క్ అంటారు.

మీకు ఇదే సమస్యో కాదో తెలుసుకోవడం తేలిక. ఫోటోషాప్ విండో అడుగున, జూమ్ శాతం పక్కనున్న బాణం గుర్తు నొక్కి "ఎఫిషియెన్సీ" ఎంచుకోండి. 100 శాతం ఉంటే ర్యామ్ సరిపోతోంది, ఈ మెట్టు దాటేయండి. తగ్గుతోందంటే డిస్క్ మీద పడుతోంది.

అప్పుడు చేయాల్సినవి: స్క్రాచ్ డిస్క్‌గా ఎస్‌ఎస్‌డీని పెట్టి, దానిలో పదుల జీబీల చోటు ఖాళీగా ఉంచడం, హిస్టరీ స్టేట్స్ తగ్గించడం, మధ్యమధ్యలో ఎడిట్ మెనూలోని "పర్జ్" (దాచుకున్న పాత సమాచారాన్ని ఖాళీ చేసేది) వాడటం. పర్జ్ చేశాక అన్‌డూ కుదరదు, గుర్తుంచుకోండి. పెన్‌డ్రైవ్‌ను స్క్రాచ్ డిస్క్ చేయకండి, ఇంకా నెమ్మదిస్తుంది. స్క్రాచ్ డిస్క్ నిండిపోయి ఫోటోషాప్ తెరుచుకోకపోతే, మొదలయ్యేటప్పుడే కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఉంటే వేరే డ్రైవ్ ఎంచుకునే అవకాశం ఇస్తుంది. మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్.

పెర్ఫార్మెన్స్‌లో మెమరీ స్లైడర్ మామూలుగా 70 శాతం దగ్గర ఉంటుంది. "ఎక్కువిస్తే ఇంకా బాగా నడుస్తుంది" అని 100కి లాగకండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఊపిరాడక కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతుంది.

9. సెట్టింగ్స్ రీసెట్, ప్లగిన్స్

ప్లగిన్స్ (ఎడిటర్‌కు బయటి నుంచి చేర్చుకునే అదనపు పనిముట్లు) సంగతి ముందు. ఫోటోషాప్ మొదలవుతుండగా షిఫ్ట్ పట్టుకుంటే, బయటి ప్లగిన్స్ లేకుండా తెరవమంటారా అని అడుగుతుంది. ఒప్పుకోండి. అలా బాగా నడిస్తే తప్పు ప్లగిన్‌దే. అన్నీ పక్క ఫోల్డర్‌లోకి జరిపి, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ పట్టుకోండి.

తర్వాత రీసెట్. ఫోటోషాప్‌కు మొదలయ్యేటప్పుడే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ పట్టుకోవాలి, లైట్‌రూమ్‌కు ఆల్ట్, షిఫ్ట్. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్, ఆల్ట్ బదులు ఆప్షన్. ఐకాన్ క్లిక్ చేసిన మరుక్షణం పట్టుకోవాలి, ఆలస్యమైతే అడగదు, మామూలుగా తెరుచుకుంటుంది. మీరు చేసుకున్న యాక్షన్లు, బ్రష్‌లు ఉంటే ముందే ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. రీసెట్ తర్వాత అవి ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఇది కూడా పనిచేయకపోతే ఇప్పుడు రీఇన్‌స్టాల్ చేయండి. తీసేసేటప్పుడు ప్రిఫరెన్సెస్ ఉంచాలా అని అడిగితే వద్దనండి.

ఫోన్‌లో అయితే

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ స్టోరేజ్ దగ్గర "క్లియర్ కాష్" నొక్కొచ్చు, నష్టం లేదు. పక్కనే ఉండే "క్లియర్ డేటా" మాత్రం ఆలోచించి నొక్కాలి. క్లౌడ్‌కు ఇంకా చేరని ఎడిటింగ్ దానితో పోతుంది. ఫోటోలు చూసే అనుమతి పరిమితంగా ఇచ్చినా ఆల్బమ్ ఖాళీగా కనిపిస్తుంది, పర్మిషన్స్ కూడా చూడండి.

బాగైందని ఎలా తెలుస్తుంది?

ఒకసారి ఫోటో కనిపించగానే సంబరపడొద్దు. కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. మొదట్లో ఖాళీగా కనిపించిన అదే ఫోటోను తెరవండి. 100 శాతానికి జూమ్ చేసి నాలుగు మూలలకూ జరపండి. ఎక్కడైనా చతురస్రం ముక్క ఖాళీగా ఉండిపోతే గ్రాఫిక్స్ తేడా ఇంకా ఉంది. బ్రష్‌తో కాసేపు గీయండి, ముందు ఏ ఫిల్టర్ దగ్గర ఆగేదో దాన్ని నడపండి. ఎక్స్‌పోర్ట్ చేసి వేరే ప్రోగ్రామ్‌లో చూడండి. ఇదంతా గ్రాఫిక్స్ టిక్ తీసి ఉండగా ఒకసారి, పెట్టి ఒకసారి.

ఎడిటర్ మాత్రమే కాక కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతుంటే సాఫ్ట్‌వేర్‌ను వదిలి హార్డ్‌వేర్ వైపు చూడండి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి, డిస్క్‌కు ఎర్రర్ చెకింగ్ చేయండి, ఫ్యాన్‌లో దుమ్ము చూడండి.

ఎవరినైనా సాయం అడగాల్సి వస్తే "హ్యాంగ్ అవుతోంది" అని మాత్రం రాయకండి, ఆ ఒక్క మాటతో ఎవరూ ఏమీ చెప్పలేరు. ఎడిటర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ వెర్షన్, ఏ ఫైల్ రకం, ఏది నొక్కగానే ఆగుతోంది, ఈ మెట్లలో ఏవి చేశారు, వేటికి ఏం జరిగింది అన్నవి రాయండి. ఫోటోషాప్‌లో హెల్ప్ మెనూలోని "సిస్టమ్ ఇన్ఫో" తెరిచి కాపీ కొడితే మొదటి నాలుగూ అందులోనే వచ్చేస్తాయి. మిగతావి మీరు కాగితం మీద రాసుకున్నవే.